పాత కంప్యూటర్ స్లో అయిందా? ఎప్పుడు స్లో అవుతుందో ముందు చెప్పండి

హనుమకొండలో నా రిపేరు షాపుకు వచ్చేవాళ్లు చాలామంది మెట్లెక్కుతూనే "అన్నా, సిస్టం మస్తు స్లో అయింది, ఫార్మాట్ కొట్టియ్యి" అంటారు. కొడితే ఓ పదిహేను రోజులు బాగుంటుంది, తర్వాత మళ్లీ అదే కథ. జబ్బు విండోస్‌లో ఉంటే కదా ఫార్మాట్‌తో పోయేది! పాత మిషన్లలో అది ఎక్కువగా కింద హార్డ్‌వేర్‌లోనో, దాని సెట్టింగుల్లోనో దాక్కొని ఉంటుంది. అందుకే నేను ముందు అడిగేది ఒక్కటే: ఎప్పుడు స్లో అవుతోంది? ఆన్ చేయగానేనా, మధ్యాహ్నమా, చార్జర్ పెట్టినప్పుడా, ఫైల్ తెరిచినప్పుడా? జ్వరం ఏ పూట వస్తోందో డాక్టర్ అడిగినట్టే ఇదీ.

చేయి పెట్టే ముందు

సిస్టం మొరాయిస్తున్న సమయంలోనే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో సీపీయూ, మెమరీ, డిస్క్ గీతలు కనిపిస్తాయి. ఏది 100 శాతం దగ్గర ఆగిపోయిందో చూడండి. సీపీయూ పేజీలో 'స్పీడ్' (ఇప్పుడు నడుస్తున్న వేగం), 'బేస్ స్పీడ్' (ప్రాసెసర్ మామూలు వేగం) అనే రెండు అంకెలు కూడా రాసిపెట్టుకోండి, వాటితో పని ఉంది.

విండోస్ కంటే ముందే లేచే, మదర్‌బోర్డు సెట్టింగులుండే ప్రోగ్రామే బయాస్. అందులోకి వెళ్లాలంటే ఆన్ చేసిన వెంటనే కీ నొక్కుతూ ఉండాలి. అసెంబుల్డ్ సిస్టంలలో ఎక్కువగా డిలీట్, డెల్‌లో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10, లెనోవోలో మోడల్‌ను బట్టి ఎఫ్1 లేదా ఎఫ్2. లోపల ఏదీ మార్చకముందే ప్రతి పేజీనీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఒకసారికి ఒక్క మార్పే చేయండి. మూడు మార్పులు ఒకేసారి చేసి, సిస్టం లేవకపోతే ఏది కొంపముంచిందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) ఉన్న ల్యాప్‌టాప్ అయితే 48 అంకెల రికవరీ కీ ముందే తీసిపెట్టుకోవాలి. బయాస్ మారితే అది అడగొచ్చు.

పొద్దున బాగుంటుంది, మధ్యాహ్నానికి పడుకుంటుంది

మన వైపు నేను ఎక్కువగా చూసేది ఇదే. ఎనుమాముల మార్కెట్ దగ్గర నెట్ సెంటర్ నడిపే ఒకాయన మే నెలలో వచ్చి, "పొద్దుగాల మంచిగనే నడుస్తది సారూ, పన్నెండు దాటిందంటే మౌస్ కూడ కదలది" అన్నాడు. క్యాబినెట్ మూత తీస్తే కూలర్ రెక్కల మధ్య పత్తి నూగు మెత్తగా, పరుపులా పేరుకొని ఉంది. దసరా దాటి పత్తి రావడం మొదలైందంటే ఆ చుట్టుపక్కల గాలంతా అదే. సుల్తానాబాద్, పెద్దపల్లి వైపు రైస్ మిల్లుల దగ్గరైతే ఊక దుమ్ము, గోదావరిఖనిలో బొగ్గు పొడి. దానికి తోడు ఎండ 44 డిగ్రీలు. గదిలో గాలే అంత వేడిగా ఉంటే, ఆ గాలితో ప్రాసెసర్‌ను చల్లబరచాలంటే ఫ్యాన్ మాత్రం ఏం చేస్తుంది?

కారణం: ప్రాసెసర్ తనను తాను కాపాడుకుంటుంది. చాలా ఇంటెల్ చిప్‌లలో వేడి 100 డిగ్రీల దగ్గరికి చేరగానే వేగం అదే తగ్గిపోతుంది. టాస్క్ మేనేజర్‌లో పని ఎక్కువ ఉన్నా స్పీడ్ అంకె బేస్ స్పీడ్ కంటే కిందికి పడిపోతుంటే ముందు వేడినే అనుమానించండి. హెచ్‌డబ్ల్యూ మానిటర్ లాంటి ఉచిత ప్రోగ్రాంలో డిగ్రీలు చూస్తే తేలిపోతుంది.

పరిష్కారం: కరెంటు వైరు తీసేసి, మెత్తని బ్రష్‌తో దుమ్ము దులపండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోవాలి. విచ్చలవిడిగా తిరగనిస్తే బేరింగ్ పోతుంది. ప్రాసెసర్ మీద వేడిని కూలర్‌కు చేరవేసే పాత పేస్టు ఎండి సున్నంలా అయి ఉంటే తుడిచి, కొత్తది శనగగింజంత పెట్టండి. రొట్టెకు వెన్న రాసినట్టు రాయనక్కర్లేదు. పవర్ సప్లై డబ్బా మాత్రం విప్పకండి. వైరు తీసినా లోపలి కెపాసిటర్లలో చార్జ్ నిలిచి ఉంటుంది.

ఇక సెట్టింగులు. బయాస్‌లో స్మార్ట్ ఫ్యాన్, క్యూ ఫ్యాన్ లాంటి పేరుతో ఒక ఆప్షన్ ఉంటుంది. అది 'సైలెంట్' మీద ఉంటే 'స్టాండర్డ్'కో, ఎండాకాలం 'ఫుల్'కో మార్చండి. కొంచెం చప్పుడు వస్తుంది, వస్తే రానీ. ల్యాప్‌టాప్ అయితే కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్లలో 'మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్' 100 నుంచి 99కి తగ్గించి చూడండి. వేగం పెంచమంటే తగ్గించమంటున్నాడేంటి అనుకోకండి. 99 పెడితే టర్బో, అంటే బేస్ స్పీడ్ దాటి పరిగెత్తడం, ఆగిపోతుంది, దాంతో వేడి బాగా తగ్గుతుంది. కాసేపు పరిగెత్తి కూలబడే బదులు రోజంతా ఒకే నడక నడుస్తుంది. కొందరి మిషన్లలో ఇదే అంకె ఎవరో ఎప్పుడో 50 చేసి వదిలేసి ఉంటారు, అదీ చూసుకోండి.

చార్జర్ పెట్టినా నత్తనడక

సీపీయూ స్పీడ్ 0.8 గిగాహెర్ట్జ్ దగ్గర బిగుసుకుపోయి ఎంతకీ పైకి లేవకపోతే, చార్జర్‌ను అనుమానించండి. కొన్ని ల్యాప్‌టాప్‌లు చార్జర్ పిన్నులోని సన్నని మధ్య తీగ ద్వారా అది ఎన్ని వాట్లదో చదువుకుంటాయి. లోకల్ చార్జర్ పెట్టినా, ఆ తీగ విరిగినా వాటికి గుర్తు దొరకదు. అప్పుడు బ్యాటరీ చార్జింగ్ ఆపేసి, ప్రాసెసర్‌ను అట్టడుగు వేగంలో కట్టేస్తాయి. ఒక టీచరమ్మ ఇదే జబ్బున్న ల్యాప్‌టాప్‌కు వేరేచోట రెండుసార్లు ఫార్మాట్ చేయించుకొని నా దగ్గరికి వచ్చారు. బయాస్ మొదటి పేజీలో అడాప్టర్ అనే చోట 65 వాట్లకు బదులు 'అన్‌నోన్' అని ఉంది. సరైన చార్జర్ పెట్టగానే లేచి కూర్చుంది. ఒరిజినల్ చార్జర్‌తోనూ అదే కనిపిస్తే పిన్ను దూరే జాక్ పోయినట్టు, మార్పించాలి.

డిస్క్ ఎప్పుడూ 100 శాతం

ముందు నిజం చెప్పేస్తాను. విండోస్ 10 నడుపుతూ ఇంకా తిరిగే హార్డ్‌డిస్క్ మీదే ఉంటే, ఏ సెట్టింగూ దాన్ని ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, చిప్‌ల మీద నడిచే వేగమైన డిస్క్) చేయలేదు. ఒక్క వస్తువే కొనగలిగితే అది ఎస్ఎస్‌డీయే కావాలి. కానీ ఎస్ఎస్‌డీ పెట్టాక కూడా ఆశించినంత వేగం రాలేదంటూ వచ్చేవాళ్లున్నారు. అక్కడ సెట్టింగుల పని ఉంటుంది.

మొదట వైరు. డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ప్రోగ్రాంలో చూడండి. సీ7 అని రాసి ఉన్న సీఆర్‌సీ ఎర్రర్ల (దారిలో డేటా చెడిన సార్ల) లెక్క రోజురోజుకూ పెరుగుతుంటే డిస్క్ మంచిదే, డిస్క్‌ను బోర్డుకు కలిపే సాటా కేబుల్ చెడ్డది. కొత్త కేబుల్ వేస్తే సరి. అదే 05, సీ5 వరుసల్లో అంకెలు పెరుగుతుంటే డిస్క్ చావుకు దగ్గరైనట్టు. స్పీడు సంగతి మరిచిపోయి ముందు ఫొటోలు, కాగితాలు కాపీ చేసుకోండి.

ఐడీఈ (డిస్క్‌తో మాట్లాడే పాత పద్ధతి) మోడ్‌లో ఉన్న పాత సిస్టంలలో ఇంకో తిరకాసు ఉంది. డిస్క్ నుంచి తప్పులు పదేపదే వస్తుంటే విండోస్ దాన్ని డీఎంఏ (ప్రాసెసర్ మోయకుండానే డేటా నేరుగా మెమరీకి వెళ్లే పద్ధతి) నుంచి పీఐఓ అనే అతి పాత పద్ధతిలోకి దించేస్తుంది. పీఐఓలో ప్రతి ముక్కనూ ప్రాసెసరే మోయాలి, కాబట్టి మిషన్ మొత్తం ఈడ్చుకుంటూ నడుస్తుంది. డివైస్ మేనేజర్‌లో ఐడీఈ చానెల్ ప్రాపర్టీస్ తెరిస్తే ప్రస్తుత మోడ్ కనిపిస్తుంది. పీఐఓ అని ఉంటే కేబుల్ మార్చి, ఆ చానెల్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయండి. విండోస్ దాన్ని కొత్తగా గుర్తించి డీఎంఏ ఇస్తుంది.

ఆ తర్వాత బయాస్‌లోని సాటా మోడ్. అక్కడ ఐడీఈ అని ఉంటే ఏహెచ్‌సీఐ అనే కొత్త పద్ధతికి మార్చాలి. అప్పుడే డిస్క్ ఒకేసారి వచ్చిన చాలా పనులను వరుస పెట్టుకొని చేసుకోగలదు. హార్డ్‌డిస్క్‌కు దీనితో తేడా తక్కువ, ఎస్ఎస్‌డీకి బాగా తెలుస్తుంది. నేరుగా మార్చేస్తే మాత్రం విండోస్ నీలం తెర చూపించి కూర్చుంటుంది. విండోస్ 10లో వరుస ఇదీ: రన్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి, బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్ టిక్ చేయండి. రీస్టార్ట్ చేసి నేరుగా బయాస్‌లోకి వెళ్లి మోడ్ మార్చి సేవ్ చేయండి. విండోస్ సేఫ్ మోడ్‌లో లేచి కొత్త డ్రైవర్ ఎక్కించుకుంటుంది. మళ్లీ ఎంఎస్‌కాన్ఫిగ్‌లో టిక్ తీసేసి రీస్టార్ట్. సేఫ్ మోడ్‌లో పిన్ పనిచేయకపోవచ్చు, అసలు పాస్‌వర్డ్ గుర్తుందో లేదో మొదలుపెట్టే ముందే చూసుకోండి. మోడ్ 'రెయిడ్' (డిస్క్‌లను కలిపి వాడే పద్ధతి) అని ఉంటే ముట్టుకోకండి.

మదర్‌బోర్డు మీద సాటా సాకెట్లన్నీ ఒకటి కావు. పాత బోర్డుల్లో కొన్ని సెకనుకు 3 గిగాబిట్లవి, కొన్ని 6 గిగాబిట్లవి. చాలాసార్లు రంగు వేరుగా ఉంటుంది, పక్కన సన్నగా రాసి కూడా ఉంటుంది. ఎస్ఎస్‌డీని 6 గిగాబిట్ల దాంట్లోనే గుచ్చండి.

ర్యామ్ వేశాను, అయినా లాభం లేదు

"నాలుగు ఉండె, ఇంకో నాలుగు వేసిన, ఏం ఫరక్ పడలే" అంటారు. ముందు విండోస్ 32 బిట్‌దా, 64 బిట్‌దా చూడండి. 32 బిట్ విండోస్ 10 నాలుగు జీబీ దాటి వాడుకోలేదు, అందులోనూ కొంత మినహాయింపే. ప్రాసెసర్ 64 బిట్‌దే అయితే 64 బిట్ విండోస్ కొత్తగా ఎక్కించాల్సిందే. ఫార్మాట్ నిజంగా అవసరమయ్యే చోటు ఇదొకటి.

64 బిట్ ఉండి కూడా టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలో 'హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్' కింద ఒకటి రెండు జీబీలు కనిపిస్తే మూడు చోట్ల వెతకండి. ఒకటి, ఎంఎస్‌కాన్ఫిగ్ బూట్ అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలో 'మాగ్జిమమ్ మెమరీ' టిక్. యూట్యూబ్ చూసి స్పీడు పెరుగుతుందని అక్కడ టిక్ పెట్టేవాళ్లు ఎంతమందో! అది పెంచదు, హద్దు గీస్తుంది. పక్కనే ఉన్న ప్రాసెసర్ల సంఖ్యదీ అదే సంగతి. రెండూ ఖాళీగా ఉంచండి. రెండు, బయాస్‌లో మెమరీ రీమ్యాప్ (దాగిన ర్యామ్‌ను వాడుకోనిచ్చే ఆప్షన్) ఆఫ్‌లో ఉందేమో. మూడు, ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్‌కు ర్యామ్‌లో ఎంత వాటా ఇచ్చారో. ఆటలు ఆడని మిషన్‌లో దానికి 512 ఎంబీ ఎందుకు? తగ్గించండి.

ర్యామ్ కర్రలు రెండున్నప్పుడు అవి వేర్వేరు చానెళ్లలో (ప్రాసెసర్‌కు వెళ్లే దారుల్లో) పడాలి. నాలుగు స్లాట్ల బోర్డులో పక్కపక్కన గుచ్చేస్తే రెండూ ఒకే చానెల్‌లో పడొచ్చు, బోర్డు పుస్తకం చూడండి. సీపీయూ-జీ అనే ప్రోగ్రాంలో రెండు చానెళ్లు చూపించాలి. 3200 వేగం ర్యామ్ కొన్నా టాస్క్ మేనేజర్‌లో 2133 అనే చూపిస్తుంటే బయాస్‌లో ఎక్స్ఎంపీ (ర్యామ్‌ను దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేయాలి. బోర్డు, ప్రాసెసర్ అంత వేగాన్ని ఒప్పుకుంటేనే సుమా. ఆన్ చేశాక హ్యాంగ్ అవుతుంటే వెనక్కి తీసేయండి, పోయేదేం లేదు.

ఆన్ చేస్తే నల్ల తెర మీదే చాలాసేపు

గడియారం కూడా తప్పు చూపిస్తోందా? అయితే మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలాంటి సీఆర్2032 సెల్ అయిపోయింది. రెండు మూడు చాయ్‌ల ఖర్చు. తేదీ తప్పితే సురక్షితం కాదంటూ వెబ్‌సైట్లు తెరుచుకోవు. కౌన్సెలింగ్ చివరి రోజు పిల్లలు ఆ టెన్షన్‌తోనే పరిగెత్తుకొస్తారు. సెల్ మార్చాక, ముందు తీసుకున్న బయాస్ ఫొటోలు చూసి పాత సెట్టింగులు మళ్లీ పెట్టాలి, ముఖ్యంగా సాటా మోడ్. కరెంటు పోయినప్పుడల్లా అది డిఫాల్ట్‌కు వెళ్లిపోయి ఉంటుంది. గడియారం సరిగ్గానే ఉంటే బూట్ వరుసలో విండోస్ డిస్క్‌ను మొదట పెట్టి, నెట్‌వర్క్ బూట్, లేని ఫ్లాపీ డ్రైవ్ ఆఫ్ చేయండి. ప్రతిసారీ వాటికోసం వెతుక్కుంటూ కూర్చోవడం తప్పుతుంది.

నేను చేయనివి

పాత బోర్డు మీద ఓవర్‌క్లాకింగ్ (ప్రాసెసర్‌ను దానికి నిర్ణయించిన వేగం దాటించడం) చేయను. కెపాసిటర్లు ఉబ్బి ఉన్న బోర్డుకు అదనపు బరువు పెట్టడం ముసలి ఎద్దును దున్నుడు పోటీకి పంపడమే. యూపీఎస్ లేకుండా బయాస్ అప్‌డేట్ అసలే చేయను. మధ్యలో కరెంటు పోతే బోర్డు మళ్లీ లేవకపోవచ్చు, మన దగ్గర ఈదురుగాలి వచ్చిందంటే మొదట పోయేది కరెంటే. డివైస్ మేనేజర్‌లో డిస్క్ పాలసీల్లో 'రైట్ క్యాషింగ్' (రాయాల్సింది కాసేపు మెమరీలో పట్టుకోవడం) ఆన్‌లో ఉండనివ్వండి. దాని కిందున్న 'బఫర్ ఫ్లషింగ్' ఆపే టిక్ మాత్రం పెట్టకండి. కాస్త వేగం వస్తుంది కానీ, ఒక్క కరెంటు కోతకు ఫైళ్లు పాడవుతాయి.

విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ అడుగుతుంది. ప్రాసెసర్ సరిపోయినా టీపీఎం లేదంటుంటే బయాస్‌లో పీటీటీ లేదా ఎఫ్‌టీపీఎం (ఇంటెల్, ఏఎండీ టీపీఎంకు పెట్టిన పేర్లు) ఆన్ చేసి చూడండి, చాలా బోర్డుల్లో అది ఉండి కూడా ఆఫ్‌లో ఉంటుంది. అంతకంటే పాత మిషన్లకు నేను విండోస్ బదులు లైనక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం వేసిస్తున్నాను. జిరాక్స్ షాపులు, నెట్ సెంటర్ల వాళ్లు మాత్రం ప్రింటర్, వేలిముద్ర మిషన్ లైనక్స్‌లో పనిచేస్తాయో లేదో పెన్‌డ్రైవ్ నుంచే బూట్ చేసి ముందు చూసుకోండి. చాలా వేలిముద్ర మిషన్లకు డ్రైవర్లు విండోస్‌కే దొరుకుతాయి.