స్మాగ్ చెక్‌కి వెళ్లే ముందు ఈజీఆర్ ఒకసారి చూసుకోండి

కాలిఫోర్నియాలో బండ్లు రిజిస్టర్ చేసే డీఎంవీ ఆఫీసు నుంచి రిజిస్ట్రేషన్ రెన్యువల్ కాగితం వచ్చింది, ఈసారి స్మాగ్ చెక్ (కారు పొగ పరీక్ష) కావాలని అందులో ఉంది, గడువు ఇంకా చాలా ఉంది కదా అని దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించి ఊరుకున్నారు. మీది 2000 లేదా ఆ తర్వాతి పెట్రోల్ కారైతే స్టేషన్‌లో కారు కంప్యూటర్‌కి వైరు తగిలించి చదువుకుంటారు, పొగని కొలవరు. 1976 నుంచి 1999 మధ్య మోడల్ అయితే కథ వేరు. బే ఏరియా, లాస్ ఏంజెలెస్, శాక్రమెంటో లాంటి చోట్ల ఆ కార్లని రోలర్ల మీదకి ఎక్కించి, గంటకి 15 మైళ్లు, 25 మైళ్ల వేగాల్లో ఇంజిన్ కష్టపడేలా లోడ్ పెట్టి, సైలెన్సర్‌లోంచి వచ్చేదాన్ని కొలుస్తారు. ఈ కాగితం వచ్చిన రోజు నుంచి గడువు దాకా ఉన్న సమయం ఇలాంటి కార్ల వాళ్లకే అవసరం, ఇంజిన్ లోపలి మంట వేడి తగ్గించే ఈజీఆర్ అనే ఏర్పాటుని ముందే చూసుకోవడానికి.

నాది 1998 క్యామ్రీ. ఎమ్మెస్ చేసే రోజుల్లో ఒక సీనియర్ దగ్గర కొన్నాను, "తమ్ముడూ, ఇంజిన్ ఆయిల్ మారుస్తూ ఉండు చాలు, నువ్వు గ్రీన్ కార్డు తీసుకునేదాకా నడుస్తుంది" అన్నాడు. నిజంగానే నడిచింది. ఒక ఏడాది స్మాగ్‌లో ఫెయిలైంది. రిపోర్టులో హెచ్‌సీ (కాలకుండా మిగిలిన పెట్రోల్) బాగుంది, సీఓ (కార్బన్ మోనాక్సైడ్) బాగుంది, మూడో వరుసలో ఎన్ఓ అనే అంకె పరిమితి దాటి చాలా పైన ఉంది. ఆ రెండక్షరాలని నేను మొదట ఇంగ్లిష్‌లో 'నో' అని చదువుకుని, దేనికి వద్దంటున్నాడో అర్థంకాక కాసేపు బుర్ర గోక్కున్నాను. అది నైట్రిక్ ఆక్సైడ్.

నాకు తెలియక చేసిన తప్పేంటంటే, బండి ఐడిల్‌లో, అంటే కదలకుండా ఉన్నప్పుడు, నున్నగా ఆడుతోంది, పొగ లేదు, వాసన లేదు, కాబట్టి పాసవుతుందనుకోవడం. నైట్రిక్ ఆక్సైడ్ కంటికి కనపడదు, ఐడిల్‌లో పెద్దగా పుట్టదు కూడా. సిలిండర్‌లో మంట వేడి సుమారు 1,400 డిగ్రీల సెల్సియస్ దాటాక గాలిలో ఉన్న నైట్రోజన్, ఆక్సిజన్ గబగబా కలవడం మొదలుపెడతాయి. ఆ వేడి తగ్గించడానికే 1970ల మొదట్లో అమెరికా కార్లకి ఈజీఆర్ (ఎగ్జాస్ట్ గ్యాస్ రీసర్క్యులేషన్) వచ్చింది. ఒకసారి కాలిపోయిన వాయువులో కొంచెం ఒక వాల్వ్ ద్వారా వెనక్కి తెచ్చి ఇన్‌టేక్‌లో, అంటే ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారిలో, కలుపుతుంది. అందులో కాలడానికి ఏమీ మిగలదు, ఊరికే చోటు ఆక్రమించి వేడి పీల్చుకుంటుంది. ఎసట్లో చన్నీళ్లు పోసినట్టు. ఐడిల్‌లో ఈ వాల్వ్ మూసుకునే ఉంటుంది, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడూ మూసుకునే ఉంటుంది, పెడల్ పూర్తిగా తొక్కినా అంతే. మోస్తరు వేగంతో, మోస్తరు లోడ్‌తో వెళ్తున్నప్పుడు తెరుచుకుంటుంది. రోలర్ల మీద టెస్ట్ కూడా సరిగ్గా అక్కడే చేస్తారు. అందుకే ఇంటి ముందు చక్కగా ఆడే కారు అక్కడ దొరికిపోతుంది.

కాబట్టి కాగితం వచ్చిన వారంలోనే ఈ చిన్న పరీక్ష చేసుకోండి. చేత్తో నొక్కే వాక్యూమ్ పంపు ఆటో పార్ట్స్ షాపుల్లో డిపాజిట్ కట్టించుకుని అరువిస్తారు. ఇంజిన్ వేడెక్కాక ఐడిల్‌లో ఉంచి, ఈజీఆర్ వాల్వ్‌కి వచ్చే సన్న గొట్టం పీకి, వాల్వ్‌కి పంపు తగిలించి నొక్కుతూ లోపలి గాలి లాగండి. ఇంజిన్ తడబడాలి, లేదా ఆగిపోవాలి. ఆగిపోతే భయపడకండి, దారి తెరిచి ఉందన్నమాట. వాక్యూమ్ నిలబడుతోంది కానీ ఇంజిన్‌లో ఏ తేడా లేదంటే వాల్వ్ కదలకుండా బిగుసుకుపోయి ఉండాలి, లేదా లోపలి దారి మసితో పూడుకుపోయి ఉండాలి. వాక్యూమే నిలవకపోతే లోపలి రబ్బరు పొర చిరిగింది. ఇంకో రకం జబ్బుంది, వాల్వ్ తెరుచుకున్న చోటే ఇరుక్కుపోవడం. అప్పుడు ఐడిల్‌లోనే బండి కుదుపుతూ ఉంటుంది, సరిగ్గా మండక హెచ్‌సీ పెరుగుతుంది. ఒకే భాగం, ఫెయిలయ్యే అంకెలు మాత్రం వేరువేరు.

నా 2.2 లీటర్ క్యామ్రీలో వాల్వ్‌కి ఏమీ కాలేదు. దానికి వాక్యూమ్ అందించే మాడ్యులేటర్ అని గుండ్రటి ప్లాస్టిక్ డబ్బా ఒకటుంటుంది, మూత తిప్పి తీస్తే లోపల చిన్న ఫిల్టర్, అది నల్లటి అట్టలా అయిపోయి ఉంది. గాలితో ఊది శుభ్రం చేస్తే కొంత మేలైంది. అసలు దొంగ ఇంజిన్ వెనక, ఇన్‌టేక్ కింద, చెయ్యి దూరని చోట కూర్చున్న వీఎస్‌వీ, అంటే ఈజీఆర్‌కి వెళ్లే వాక్యూమ్‌ని తెరిచి మూసే విద్యుత్ స్విచ్ లాంటిది. ఆ వేడికి అది పోవడం ఈ క్యామ్రీల్లో చాలా మామూలు, చెక్ ఇంజిన్ లైటు వెలిగి ఈజీఆర్ ప్రవాహం చాలడం లేదని చెప్పే పీ0401 కోడ్ వస్తుంది. 1990ల్లోని హోండా అకార్డ్‌ల బాధ వేరు, వాటిలో ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోని ఇరుకు దారులే మసితో మూసుకుపోతాయి, కొత్త వాల్వ్ కొని పెట్టినా ఉపయోగం ఉండదు, దారులు తెరిచి గోకి శుభ్రం చేయాల్సిందే. వాల్వ్ విప్పేది మీరే అయితే ఇంజిన్ పూర్తిగా చల్లారాక విప్పండి (నా ఎడమ చేతి మీద మచ్చ సాక్షి), క్లీనర్ స్ప్రే గరాజ్ తలుపు మూసుకుని కొట్టకండి, అతుకు మధ్య వేసే గాస్కెట్ కొత్తది వేయండి.

ఎన్ఓ ఎక్కువ వస్తే ప్రతిసారీ ఈజీఆర్‌దే తప్పు కాదు. ఇంజిన్ ఎక్కువ వేడెక్కుతున్నా, ఇగ్నిషన్ టైమింగ్ (నిప్పురవ్వ పడే సమయం) ముందుకి జరిగినా, గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువైనా, సిలిండర్‌లో మసి పేరుకున్నా ఇదే అంకె లేస్తుంది. సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ముసలిదైనా అంతే. కానీ చాలామంది ఫెయిలవగానే కన్వర్టర్ మీద పడతారు. కాలిఫోర్నియాలో రాష్ట్రం ఆమోదించి నంబరు వేసిన కన్వర్టరే పెట్టాలి, అవి ఖరీదు. పంపుతో పది నిమిషాలు చూడకుండా అంత డబ్బు పెట్టొద్దు.

ఇక మనవాళ్ల కోసం ఒక మాట. మన ఊళ్లో డీజిల్ బండికి ఈజీఆర్ మసి గోల ఎక్కువైతే మెకానిక్ రేకు ముక్క పెట్టి మూసేస్తాడు. పొల్యూషన్ సర్టిఫికెట్ టెస్ట్‌లో డీజిల్‌కి పొగ చిక్కదనం, పెట్రోల్‌కి సీఓ, హెచ్‌సీ చూస్తారు, నైట్రోజన్ ఆక్సైడ్లు చూడరు, అందుకే ఆ రేకు ఎవరికీ దొరకదు. నాన్నగారి కారుకి చేయించిన అలవాటుతో ఇక్కడ గొట్టం పీకి బోల్టు బిగిస్తే టెస్ట్‌లో కంటితో చూసే భాగంలోనే ఫెయిల్. పైగా ఇంజిన్‌లో టకటకమనే నాకింగ్ కూడా రావచ్చు.

బ్యాటరీ వైరు పీకి చెక్ ఇంజిన్ లైటు ఆర్పేసి వెంటనే వెళ్లడం కూడా వద్దు. 1996 నుంచి 1999 కార్లకి పొగ టెస్ట్‌తో పాటు కంప్యూటర్ కూడా చూస్తారు. కోడ్‌లు చెరిపితే లోపలి స్వీయ పరీక్షలన్నీ మళ్లీ మొదటికొస్తాయి, టెస్ట్‌కి వెళ్లేసరికి వాటిలో ఒక్కటి మాత్రమే పూర్తికాకుండా ఉంటే ఒప్పుకుంటారు. కొన్ని రోజులు సిటీలోనూ ఫ్రీవేలోనూ మామూలుగా నడిపి అప్పుడు వెళ్లండి. టెస్ట్ రోజు ఇరవై నిమిషాలైనా ఫ్రీవే మీద తిప్పి వేడి వేడిగా తీసుకెళ్లండి, క్యూ ఉంటే ఇంజిన్ ఆపకండి. టైర్లు అరిగిపోయి ఉంటే రోలర్ల మీదకి ఎక్కించరు.

అనుమానంగా ఉంటే ముందు ప్రీ టెస్ట్ అడగండి, ఆ ఫలితం డీఎంవీకి వెళ్లదు. కాగితంలో స్టార్ స్టేషన్ (రాష్ట్రం ప్రత్యేకంగా గుర్తించిన టెస్ట్ స్టేషన్) అని రాసి ఉంటే వేరే చోట చేయించి డబ్బు పోగొట్టుకోకండి.

పాత కారు కొంటున్న స్టూడెంట్స్‌కి, స్మాగ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సింది అమ్మేవాడు. "తక్కువకిస్తున్నా కదా, స్మాగ్ నువ్వు చూసుకో" అంటే మర్యాదగా నమస్కారం పెట్టి వచ్చేయండి. సర్టిఫికెట్ 90 రోజులే చెల్లుతుంది, తేదీ చూడండి. ఫెయిలై రిపేరు లాగుతూ ఉంటే రిజిస్ట్రేషన్ ఫీజు మాత్రం గడువులోపే కట్టేయండి, లేకపోతే స్మాగ్ బాధ మీద పెనాల్టీ కూడా పడుతుంది.