సామాన్లు లారీ ఎక్కాక రేటు పెంచారా? ఇల్లు మారేటప్పుడు జరిగే మోసాలు - పరిష్కారాలు

కిందటేడాది కూకట్‌పల్లి నుంచి బెంగళూరుకు ఇల్లు మారాం. సామాన్లు తరలించే ప్యాకర్స్ అండ్ మూవర్స్ మనిషితో ఫోన్‌లో మాట్లాడుకున్న రేటు 14 వేలు. సామాన్లు ఎక్కించుకుని వెళ్లిన మర్నాడు అదే మనిషి ఫోన్ చేసి, ఇంకో 17 వేలు వేస్తే గానీ బండి కదలదన్నాడు. నా సర్టిఫికెట్లు, అత్తయ్యగారి బీపీ మాత్రలు కూడా ఆ అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. కొత్త ఇంట్లో చాప మీద పడుకుని రెండు రాత్రులు గడిపాం. ఆ టెన్షన్ ఇంకో ఇంటికి రాకూడదనే ఇది రాస్తున్నాను. ముందుగా ఒక్క మాట: బంగారం, సర్టిఫికెట్లు, మందులు లారీ ఎక్కించకండి. మీ బ్యాగులోనే పెట్టుకోండి.

సమస్య: అందరూ 25 వేలు అంటుంటే ఒక్కరే 14 వేలకు వస్తామంటున్నారు

ఫోన్ ఎత్తిన మనిషికి చాలాసార్లు సొంత లారీ ఉండదు. అతను బ్రోకర్. మీ దగ్గర టోకెన్ తీసుకుని, ఖాళీగా ఉన్న ఏదో ఒక బండికి పని అప్పగిస్తాడు. తక్కువ రేటు మిమ్మల్ని పట్టుకోవడానికే. మిగతాది ‘సామాను ఎక్కువైంది’, ‘మూడో అంతస్తు’, ‘హమాలీ ఖర్చు’ అంటూ తర్వాత రాబడతారు.

ఇల్లు చూడకుండా రేటు చెప్పేవాళ్లకు అడ్వాన్స్ ఇవ్వకండి. మనిషి రాలేకపోతే వీడియో కాల్‌లో గది గదీ చూపించి, అటక మీద ఉన్నవి, బాల్కనీలో ఉన్నవి కూడా లిస్టులో రాయించండి. ప్యాకింగ్, ఎక్కించడం, దించడం, టోల్, జీఎస్‌టీ, అంతస్తు ఖర్చు అన్నీ కలిపి ఎంతో వాట్సాప్‌లోనో ఈమెయిల్‌లోనో రాసి పంపమనండి. బండి మనకొక్కరికేనా, ఇంకొకరి సామాన్లు కూడా కలుపుతారా అన్నదీ అందులో ఉండాలి. డబ్బులో కొంత భాగం సామాన్లు దించాకే ఇస్తామని కూడా రాయించుకోండి. నిజంగా పని చేసేవాళ్లు దీనికి విసుక్కోరు.

సమస్య: పేరున్న కంపెనీలాగే ఉంది, కానీ ఎక్కడో అనుమానం

పేరున్న కంపెనీ పేరులో ఒక అక్షరం మార్చి, వెనకో మాట చేర్చి బోర్డు పెట్టేవాళ్లు ఈ వ్యాపారంలో చాలామంది. పేరు చూసి మోసపోకుండా జీఎస్‌టీ నంబర్ అడగండి. అందులో అక్షరాలు, అంకెలు కలిపి మొత్తం 15 ఉంటాయి. మొదటి రెండంకెలు రాష్ట్రానివి: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37, కర్ణాటకకు 29. జీఎస్‌టీ పోర్టల్‌లో ‘సెర్చ్ ట్యాక్స్‌పేయర్’ దగ్గర ఆ నంబర్ కొడితే అసలు పేరు, రిజిస్ట్రేషన్ తేదీ, ఇప్పుడు అది యాక్టివ్‌గా ఉందో రద్దయిందో ఉచితంగా తెలుస్తుంది. కొటేషన్‌లో ఉన్న పేరు, పోర్టల్‌లో పేరు, డబ్బు వేయమన్న ఖాతా పేరు మూడూ ఒకటేనా చూడండి. కంపెనీ పేరు ఒకటి, యూపీఐలో వచ్చే పేరు ఇంకొకరిది అయితే అక్కడే ఆగిపోండి.

జీఎస్‌టీ నంబర్ లేని చిన్న ఆపరేటర్లంతా మోసగాళ్లని కాదు. కానీ నంబర్ లేనివారు బిల్లులో జీఎస్‌టీ వసూలు చేయకూడదు.

సమస్య: సామాన్లు ఎక్కాక ఎక్కువ డబ్బు అడుగుతున్నారు, బండి ఎక్కడుందో చెప్పట్లేదు

సామాన్లు వాళ్ల చేతిలో ఉన్నాయి, మనం భయపడి కట్టేస్తామన్న ధీమా ఇది. చాలాసార్లు ఊరి చివర గోడౌన్‌లో దించేసి ‘లారీ దారిలో ఉంది’ అంటారు.

వెంటనే డబ్బు పంపకండి. ఒకసారి పంపితే రెండోసారి అడుగుతారు. అరవకండి కూడా. ‘ఒప్పుకున్న బాకీ సిద్ధంగా ఉంది, సామాన్లు దించగానే ఇస్తాం. మిగతాది దేనికి అడుగుతున్నారో రాసి పంపండి’ అని మెసేజ్ పెట్టండి. రేపు మీ తరఫున మాట్లాడేది ఆ మెసేజే. తర్వాత 112కు ఫోన్ చేయండి, లేదా దగ్గర్లోని స్టేషన్‌కు వెళ్లండి. లారీ వేరే రాష్ట్రంలో ఉన్నా సరే, జీరో ఎఫ్ఐఆర్ (నేరం ఎక్కడ జరిగిందన్నదానితో సంబంధం లేకుండా నమోదు చేసే కేసు) ఏ స్టేషన్‌లోనైనా రాయించుకోవచ్చు. ‘ఇది సివిల్ గొడవ’ అని పంపించబోతే, ఒప్పుకున్న డబ్బు ఇస్తామంటున్నా సామాన్లు ఇవ్వకుండా బెదిరిస్తున్నారని ఫిర్యాదులో స్పష్టంగా రాయండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 316వ సెక్షన్ నమ్మకద్రోహానికి, 318 మోసానికి సంబంధించినవి. రవాణాకు ఇచ్చిన సొత్తు విషయంలో చేసే ద్రోహానికి 316లోనే ప్రత్యేకంగా ఒక ఉపసెక్షన్ ఉంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో కూడా ఫిర్యాదు నమోదు చేయండి.

మాకిచ్చిన రసీదులో బండి నంబర్ గడి ఖాళీగా ఉంది. స్టేషన్‌లో మొదట అడిగింది ఆ నంబరే. మా ఆయన ఫోన్‌లో వెతుకుతుంటే, లోడింగ్ రోజు మా పాప లారీ ముందు నిలబడి దిగిన ఫొటో కనిపించింది. పాప భుజం పక్కనే నంబర్ ప్లేట్ ఉంది. ఎస్సైగారు ఆ నంబర్ పట్టుకుని బండి యజమానితో మాట్లాడారు. అడ్వాన్స్ పోను మిగిలిన 9 వేలకే మర్నాటి సాయంత్రానికి లారీ మా వీధిలోకి వచ్చింది. మీరు మాత్రం మాలా అదృష్టం మీద వదలకండి. తలుపు మూసేముందే నంబర్ ప్లేటు, డ్రైవర్ లైసెన్సు, లోపల పేర్చిన సామాన్లు ఫొటో తీయండి. బండి నంబర్ రాసిన లారీ రసీదు చేతికి వచ్చాకే బండిని కదలనివ్వండి.

సమస్య: ‘చెక్‌పోస్టులో పట్టుకున్నారు, ట్యాక్స్ కట్టాలి’ అంటున్నారు

వాడిన ఇంటి సామాన్లకు ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసుకునే జీఎస్‌టీ పత్రం) అక్కర్లేదు. 2017 జులైలో జీఎస్‌టీ వచ్చాక రాష్ట్రాల వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశారు. బండి పర్మిట్, ఓవర్‌లోడ్ జరిమానాలు బండివాళ్లవే, మీవి కావు. ప్రభుత్వ రసీదు ఫొటో పంపమని అడగండి.

సమస్య: ఇన్సూరెన్స్ పేరుతో 3 శాతం తీసుకున్నారు, పాలసీ లేదు

బిల్లు మీద ‘ఇన్సూర్డ్’ అని స్టాంపు కొడితే అది ఇన్సూరెన్స్ కాదు. బీమా కంపెనీ ఇచ్చిన పాలసీ కాగితం, దాని మీద మీ పేరు, పాలసీ నంబర్ ఉండాలి. లోడింగ్‌కు ముందే ఆ నంబర్ చెప్పి బీమా కంపెనీని అడిగి చూసుకోండి. పాలసీ చూపించలేకపోతే ఆ 3 శాతం బిల్లులోంచి తీయించేయండి.

సమస్య: దించాక చూస్తే వస్తువులు పగిలాయి, కొన్ని రాలేదు

మా పదకొండో నంబర్ పెట్టె రాలేదు. అందులో అమ్మ ఇచ్చిన ఇత్తడి బిందె ఉంది. పెట్టెలన్నిటి మీదా స్కెచ్ పెన్నుతో నంబర్లు వేసి ఉండబట్టే ఏది లేదో వెంటనే తెలిసింది. ఇలాంటప్పుడు డెలివరీ కాగితం మీద సంతకానికి ముందే ‘11వ పెట్టె రాలేదు, ఫ్రిజ్ తలుపు సొట్ట’ అని మీ చేతిరాతతో రాయండి. తర్వాత రాతపూర్వకంగా నోటీసు పంపండి. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం, బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోపు నోటీసు ఇవ్వకపోతే దావాకు వీలుండదు. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు మీరిప్పుడు ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు. సర్వీసుకు చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు.

సంతకం కోసం డ్రైవర్ తొందరపెడతాడు. అతనికీ ఇంకో లోడు ఉంటుంది. కాస్త టీ ఇచ్చి కూర్చోబెట్టి, పెట్టెలు ఒకటో నంబర్ నుంచి లెక్కపెట్టుకోండి.