సుబాబుల్ కర్ర లోడు కట్టు దారిలో వదులవకుండా: నా అనుభవం

ప్రకాశం జిల్లా నుంచి రాజమహేంద్రవరానికి బెరడు తీసిన సుబాబుల్ కర్ర తోలే మా లారీలో, ఎంత బిగించినా 30 కిలోమీటర్లు దాటేసరికి కట్టు సడలేది. కొత్త మోకులు, అదనపు చుట్లు, పైన టార్పాలిన్ ఏవీ ఫలించలేదు.

కుదుపులకు కర్ర సర్దుకుని లోడు కిందికి కుంగుతుందని, దాంతో కట్టు వదులవుతుందని ఆలస్యంగా గ్రహించాను. అందుకని ముందుగా లావు దుంగలను అడుగున, పక్కనున్న నిలువు ఇనుప స్తంభాలకు ఆనించి బండి పొడవునా పేర్చి, సన్నవాటితో నడుమ భాగాన్ని కొద్దిగా ఎత్తుగా నింపాము. పైభాగం బల్లపరుపుగా ఉంటే నడిమి దుంగలకు బెల్టు ఆనదు. తరువాత ఒక్కొక్క దొంతికి రెండేసి రాట్చెట్ బెల్టులు (పిడి ఆడించి బిగించే పట్టీలు) వేసి, 10 కిలోమీటర్లలోపే బండి ఆపి మళ్లీ బిగించాము. నా దృష్టిలో ఈ రెండో బిగింపే కీలకం. ఆ తరువాత కట్టు సడలలేదు.

వానకు తడిసిన కర్ర మరింత జారుతుంది కనుక అప్పుడు మూడో బెల్టు కూడా వేస్తున్నాము. బండికి అడ్డంగా పేర్చే లోడుకు ఈ పద్ధతి సరిపోతుందని మాత్రం చెప్పలేను.