పక్క జట్టు కుర్రాడిని హాకీ జట్టులోకి తీసుకోవాలా?

చిత్తూరు జట్టులో మెరిసిన కుర్రాడిని తిరుపతికి పిలవాలనుకుంటే గోల్స్ లెక్క పక్కన పెట్టి, నాలుగో క్వార్టర్ చూడండి. 15 నిమిషాల క్వార్టర్లు మూడు ఆడాక కూడా బంతి పోగానే వెనక్కి పరిగెత్తుతున్నాడా, నడుస్తున్నాడా? మూడు మ్యాచ్‌లైనా చూడాలి, ఒకటి వాళ్లు ఓడినదై ఉండాలి.

మట్టి గ్రౌండ్‌లో బంతి ఎగురుతుంది కాబట్టి అక్కడ పెరిగినవాళ్లు స్టిక్ పూర్తిగా దించరు. టర్ఫ్ (కృత్రిమ గడ్డి మైదానం) మీద అదే బంతి స్టిక్ కిందనుంచి జారిపోతుంది. ట్రయల్‌లో రివర్స్ వైపు (స్టిక్ తిప్పి ఆపాల్సిన ఎడమ పక్క) 20 గట్టి పాసులిచ్చి, ఎన్ని ఆపాడో రాసుకోండి. డ్రాగ్‌ఫ్లిక్ (పెనాల్టీ కార్నర్‌లో బంతిని స్టిక్‌తో లాగి గోల్‌లోకి విసిరే షాట్) ఒక్కటే తెలిసినవాడి కోసం, మీకు ఇప్పటికే అది కొట్టే ఫ్లికర్ ఉంటే, అసలు వెళ్లొద్దు.

కుర్రాడితో చాటుగా మాట్లాడటం తప్పు. ముందు వాళ్ల కోచ్ సార్‌కు చెప్పి, తర్వాత అమ్మానాన్నలతో కూర్చోండి. ఇంటర్ పరీక్షల సంగతి, బస్సు ఖర్చు అక్కడే తేల్చుకోండి. పాత జట్టు ఎన్‌ఓసీ (ఆటగాడిని వదలడానికి అభ్యంతరం లేదనే పత్రం) చేతికి రాకుండా జెర్సీ ఇవ్వకండి. టోర్నీలో ఎవరైనా అభ్యంతరం చెబితే గెలిచిన మ్యాచ్ కూడా పోవచ్చు.