టెరాహెర్ట్జ్ మెటామెటీరియల్‌ని డిజైన్ చేసి, సిమ్యులేట్ చేయడం ఎలా?

మెటామెటీరియల్ అంటే తరంగదైర్ఘ్యం కంటే చిన్న లోహపు బొమ్మలను వరుసగా పరిచి చేసే కృత్రిమ పదార్థం. దాని గుణాన్ని లోహం కంటే ఎక్కువగా ఆ బొమ్మల ఆకారమే నిర్ణయిస్తుంది. 1 టెరాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 300 మైక్రాన్లు, కాబట్టి మన బొమ్మలు పదుల మైక్రాన్లలో ఉంటే చాలు. మొదటిసారి చేసేవాళ్లకి స్ప్లిట్ రింగే మేలు. ఒకచోట చీలిక ఉన్న ఈ లోహపు ఉంగరాన్ని 1999లో జాన్ పెండ్రీ బృందం ప్రతిపాదించింది.

1. ముందు కాగితం మీద లెక్క వేయండి

చతురస్రపు ఉంగరం భుజం 36 మైక్రాన్లు, గీత వెడల్పు 4, చీలిక 2, పిచ్ (ఒక ఉంగరం మధ్య నుంచి పక్క ఉంగరం మధ్యకి దూరం) 50 అనుకుందాం. గీత మధ్యగా కొలిస్తే పొడవు 126 మైక్రాన్లు. కింద సిలికాన్, పైన గాలి ఉన్నాయి కాబట్టి వక్రీభవన గుణకం సగటున 2.5 పైచిలుకు. ఆ పొడవులో అర తరంగం పట్టాలంటే ఫ్రీక్వెన్సీ దాదాపు 0.47 టెరాహెర్ట్జ్. ఇది ఉజ్జాయింపే, కానీ సిమ్యులేషన్ 1.2 చూపిస్తే ఎక్కడో తేడా కొట్టిందని వెంటనే తెలిసిపోతుంది. చాలామంది ఈ పది నిమిషాల పని వదిలేసి, తర్వాత వారమంతా టెన్షన్ పడతారు.

2. మోడల్ గీయండి

సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్లలో సీఎస్‌టీ, హెచ్‌ఎఫ్‌ఎస్‌ఎస్, కామ్‌సోల్ డబ్బు పెట్టి కొనాలి. మీప్, ఓపెన్‌ఈఎంఎస్ ఉచితం. ఒక్క ఉంగరం గీసి, నాలుగు పక్కలా పీరియాడిక్ బౌండరీ పెడితే అది అనంతంగా పరుచుకున్నట్టే. బంగారం మందం 0.2 మైక్రాన్లు ఇవ్వండి. సిలికాన్ పర్మిటివిటీ (విద్యుత్ క్షేత్రానికి పదార్థం ఎంత స్పందిస్తుందో చెప్పే సంఖ్య) 11.7. అసలు వేఫర్ (ఉంగరం కింది సిలికాన్ పలక) 500 మైక్రాన్లుంటే, దాని రెండు ముఖాల మధ్య ప్రతిఫలనాల వల్ల ప్రతి 0.09 టెరాహెర్ట్జ్‌కీ ఒక అల వచ్చి గ్రాఫ్‌ని పాడు చేస్తుంది. అందుకే మొదట పోర్ట్‌ని (మోడల్‌లో తరంగాన్ని పంపే, కొలిచే చోటుని) సిలికాన్ లోపలే పెట్టి, దాన్ని అంతులేని మందంగా తీసుకోండి.

3. తరంగాన్ని సరైన దిక్కున పంపండి

తరంగం ఉంగరానికి ఎదురుగా రావాలి, దాని విద్యుత్ క్షేత్రం చీలికను దాటే దిశలో ఉండాలి. 0.2 నుంచి 1.5 టెరాహెర్ట్జ్ వరకు నడపండి. 1.75 దాటితే సిలికాన్‌లో వివర్తన మొదలై, లెక్క చిక్కుపడుతుంది.

4. వచ్చిన ఫలితాన్ని అనుమానించండి

ఎస్21 (తరంగం అవతలికి ఎంత దాటిందో చూపే) గ్రాఫ్‌లో లోతైన గుంట కనిపిస్తుంది, అదే రెజొనెన్స్, అంటే ఉంగరం బలంగా స్పందించే చోటు. దాన్ని వెంటనే నమ్మకండి. చీలిక దగ్గర మెష్ (లెక్క కోసం మోడల్‌ని విడగొట్టే చిన్న గడులు) సైజుని సగానికి తగ్గించి మళ్లీ నడపండి. గుంట కదలకుండా ఉండేదాకా ఇదే పని. తర్వాత విద్యుత్ క్షేత్రాన్ని 90 డిగ్రీలు తిప్పండి. ఆ గుంట మాయమవ్వాలి. మాయం కాకపోతే మీరు చూస్తున్నది చీలిక వల్ల వచ్చిన రెజొనెన్స్ కాదు.

5. కావలసిన చోటికి జరపండి

ఉంగరం పెద్దదైతే ఫ్రీక్వెన్సీ తగ్గుతుంది, చీలిక వెడల్పయితే పెరుగుతుంది. ఒకసారికి ఒక్క కొలతే మార్చండి. చివరగా, మాస్క్ (తయారీలో ఈ బొమ్మని అచ్చు వేయడానికి వాడే పలక) ఆర్డర్ ఇచ్చే ముందు 1.5, 2.5 మైక్రాన్ల చీలికలతో కూడా నడిపి చూడండి. తయారీలో ఆ మాత్రం తేడా మామూలే. దానికే గుంట భరించలేనంత జరిగిపోతుంటే, చీలికను వెడల్పు చేసి, పెరిగిన ఫ్రీక్వెన్సీ కోసం ఉంగరం సైజు సరిచేసుకోండి.