వానాకాలంలో షార్ప్‌లెస్ రియాక్షన్ పెట్టేముందు

తొలకరి పడిందంటే చాలు, హైదరాబాద్ ల్యాబుల్లో కొత్త పీహెచ్‌డీ పిల్లల మొహాలు వాడిపోతాయి. "అన్నా, ఏమీ మార్చలేదు, ఈఈ పడిపోయింది" అంటారు. ఈఈ అంటే, అద్దంలో బొమ్మల్లా ఉండే రెండు రూపాల్లో ఒకటి రెండోదాని కన్నా ఎంత ఎక్కువ వచ్చిందో చెప్పే లెక్క. మారింది గాలి. అల్లైలిక్ ఆల్కహాల్‌ను ప్రధానంగా ఒకే రూపపు ఎపాక్సైడ్‌గా మార్చే షార్ప్‌లెస్ ఎపాక్సిడేషన్‌లో చిక్కేమిటంటే, తేమ చేరినా టీఎల్‌సీలో (రియాక్షన్ ఎంతవరకు వచ్చిందో చూసే పలక పరీక్ష) మచ్చ మామూలుగానే కనబడుతుంది. లోపల మాత్రం కుడి ఎడమ రూపాలు రెండూ కలిసిపోతుంటాయి. జిప్సీ మాత్ (ఇప్పటి పేరు స్పాంజీ మాత్) మగపురుగును పిలిచే వాసన పదార్థం, ఎపాక్సైడే అయిన డిస్పార్లూర్‌నే తీసుకోండి. ప్లస్ రూపానికి పురుగు వస్తుంది, మైనస్ రూపం కాస్త కలిసినా ఆ పిలుపు మందగిస్తుంది.

ముందు సీవ్స్ (తేమను పీల్చే సన్నరంధ్రాల పొడి) సంగతి. 4 ఆంగ్‌స్ట్రామ్ పొడిని వాక్యూమ్‌లో 200 డిగ్రీల దగ్గర కనీసం 3 గంటలు వేడి చేయండి. నిన్న చేసింది ఇవాళ పనికొస్తుందని అనుకోవద్దు. తడిసిన సీవ్స్, పొడి సీవ్స్ చూపుకు ఒకేలా ఉంటాయి. చిటికెడు తీసి వాచ్‌గ్లాస్‌లో నీటి చుక్క వేస్తే వేడెక్కాలి. క్యాటలిస్ట్‌కు టైటానియం ఇచ్చే టైటానియం ఐసోప్రొపాక్సైడ్ తేమకు పాడవుతుంది; దాని సీసా మూతి దగ్గర తెల్లటి పొర కట్టి ఉంటే ఆ సీసా పక్కన పెట్టేయండి. ఏ రూపం రావాలో నిర్ణయించే టార్ట్రేట్ టైటానియం కన్నా మోల్స్‌లో 10-20 శాతం ఎక్కువ ఉండాలి. అది ఎల్ టార్ట్రేట్ సీసానా, డి టార్ట్రేట్ సీసానా అన్నది పక్కవాడితో కూడా చదివించండి (నవ్వకండి, ఈ పొరపాటు చేసినవాళ్లలో నేనూ ఉన్నాను).

ఫ్లాస్కును మైనస్ 20కి దించేటప్పుడు లోపలి వాయువు కుంచించుకుని బయటి గాలిని పీల్చుకుంటుంది. కాబట్టి నైట్రోజన్ పెట్టాకే చల్లబరచండి. బెలూన్ రబ్బరు గుండా కూడా తేమ పాకుతుంది. రాత్రంతా బెలూన్ మీద వదలడం వేసవి అలవాటు, ఇప్పుడు వద్దు.

తేమ భయంతో అతి చేసి ప్రమాదం తెచ్చుకునేది టీబీహెచ్‌పీ (ఆక్సిజన్ అందించే టెర్ట్-బ్యూటైల్ హైడ్రోపెరాక్సైడ్) దగ్గర. అది పెరాక్సైడ్. గాఢంగా ఉన్నప్పుడు బలమైన ఆమ్లంగానీ, లోహ లవణాలుగానీ తగలనివ్వద్దు. ఎండబెడదామని డిస్టిల్ చేయవద్దు, డెకేన్‌లో దొరికే ద్రావణమే వాడండి. స్టీలు సూదిని సీసాలోనే వదిలేయకండి. మిగిలింది తిరిగి సీసాలో పోయకండి. క్యాటలిస్ట్‌ను మైనస్ 20 దగ్గర 20-30 నిమిషాలు ఊరనిచ్చి, ఆ తర్వాతే అల్లైలిక్ ఆల్కహాల్‌ను చుక్కచుక్కగా వేయండి. కరెంటు పోయి చిల్లర్ ఆగితే చుక్కలు ఆపేయాలి. ఉప్పు కలిపిన ఐసు ముందే దగ్గరుంచుకోండి, వానరోజుల్లో కరెంటుకు మాట లేదు.

వర్కప్‌లో, టార్టారిక్ ఆమ్లం కలిపిన చల్లటి ఫెర్రస్ సల్ఫేట్ ద్రావణంలోకి రియాక్షన్‌ను మెల్లగా పోయండి. స్టార్చ్-అయొడైడ్ కాగితం నీలంగా మారుతున్నంతసేపు అందులో పెరాక్సైడ్ ఇంకా ఉన్నట్టే, రోటా (ద్రావణిని ఆవిరిచేసే యంత్రం) జోలికి పోవద్దు. ఎంత రాత్రయినా సరే.

ఈఈ తేల్చడానికి రొటేషన్ (కాంతిని తిప్పే కోణం) ఒక్కటే చూసి తృప్తిపడకండి, కొద్దిపాటి మలినం కూడా దాన్ని తప్పుగా చూపిస్తుంది. రెండు రూపాలను విడదీసి చూపే చైరల్ హెచ్‌పీఎల్‌సీలో పోల్చడానికి రెసిమిక్ (రెండు రూపాలూ సమానంగా ఉన్న) శాంపిల్‌ను ఎంసీపీబీఏ (మామూలు ఎపాక్సిడేషన్ రసాయనం)తో వానలకు ముందే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి.