రిలీజ్ నోట్స్‌లో రాయని మార్పులు పట్టుకోవడానికి

కొత్త వెర్షన్‌తో డెవలపర్లు ఇచ్చే రిలీజ్ నోట్స్‌లో "చిన్న మార్పులు" అని ఒక్క ముక్క రాస్తారు. తీరా చూస్తే మెనూలో నాలుగు పేర్లు మారి మనం రాసిన మాన్యువల్ తప్పుల తడకగా తయారవుతుంది.

స్క్రీన్ మీద కనిపించే మాటలు సాధారణంగా ఒక్క ఫైల్‌లోనే ఉంటాయి. ఆండ్రాయిడ్ యాప్ అయితే వాల్యూస్ ఫోల్డర్‌లోని స్ట్రింగ్స్ ఎక్స్ఎంఎల్, వెబ్ యాప్ అయితే చాలాసార్లు భాష పేరుతో ఉండే జేసన్ ఫైల్. రిపోకి, అంటే యాప్ కోడ్ దాచి ఉంచే చోటికి, రీడ్ యాక్సెస్ ఉంటే చాలు. ముందు ట్యాగులు (ఒక్కో రిలీజ్‌కి పెట్టిన గుర్తులు) ఫెచ్ చేసుకోండి, అంటే మీ కంప్యూటర్‌లోకి దించుకోండి. తర్వాత టెర్మినల్‌లో గిట్ డిఫ్ (రెండు వెర్షన్ల తేడా చూపే కమాండ్) అని కొట్టి పాత రిలీజ్ ట్యాగ్, కొత్త ట్యాగ్, రెండు హైఫన్లు, ఆ ఫైల్ పాత్ వరసగా ఇవ్వండి. మైనస్ ఉన్న ఎర్ర లైన్ పాత మాట, ప్లస్ ఉన్న పచ్చ లైన్ కొత్తది. "సేవ్" పోయి "సేవ్ అండ్ క్లోజ్" వచ్చిందనుకోండి, పాత మాటను మాన్యువల్ పేజీలుండే డాక్స్ ఫోల్డర్ మొత్తంలో వెతికితే దిద్దాల్సిన పేజీలు దొరికిపోతాయి. ఇండెంటేషన్ (లైన్ ముందు ఖాళీలు) మారి ఫైలంతా ఎర్రబడితే డిఫ్ పక్కన ఖాళీల తేడాలు వదిలేసే మైనస్ డబ్ల్యూ పెట్టండి, అసలు మార్పులే మిగులుతాయి.

రెండు జాగ్రత్తలు. బటన్ పేరు అదే ఉండి పని మారితే, అంటే టైమౌట్ 30 సెకన్ల నుంచి 60 అయితే, ఈ పద్ధతికి అది దొరకదు. ఫీచర్ ఫ్లాగ్ (ఫీచర్‌ను ఆన్, ఆఫ్ చేసే స్విచ్) వెనక దాచినవి కూడా ఇందులో కనిపిస్తాయి కాబట్టి స్టేజింగ్ బిల్డ్‌లో, అంటే విడుదలకు ముందు పరీక్షించే వెర్షన్‌లో, ఒకసారి చూశాకే పేజీ మార్చండి.